బ్రోన్యా పెంచిన ఎనిమిది చేపలు

కార్వినా బొగ్గు గనిలో బ్రోన్యా కిడ్రోనొవా ముప్ఫై రెండేళ్ళు దీపాలిచ్చింది. ల్యాంపు రూము కిటికీ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, దిగే ప్రతి మనిషి దగ్గరా ఇత్తడి బిళ్ళ తీసుకుని కొక్కేనికి తగిలించి, అతని నంబరున్న దీపం చేతికిచ్చేది. షిఫ్టు అయ్యాక దీపం వెనక్కి వస్తే బిళ్ళ వెనక్కి పోయేది. బిళ్ళ కొక్కేనికే మిగిలిందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడన్నమాట. ఆ పనిలో పరాకు పనికిరాదని తెలుసు గనుక కిటికీ దగ్గర ఆమె ఎవరితోనూ పరాచికాలాడేది కాదు. "బ్రోన్యత్త నవ్విందంటే ఆ రోజు బొగ్గుబాయికి సెలవే" అనుకునేవాళ్ళు కుర్ర పనివాళ్ళు.

కిటికీకి ఎదురుగా, హాల్లో గోడవారన, రెండు మీటర్ల పొడవైన గాజు తొట్టి ఒకటి ఉండేది. ఆరువందల లీటర్లు పడుతుంది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు కార్మిక సంఘం వాళ్ళు సరదాపడి పెట్టించారు. పెట్టించినవాళ్ళు పింఛన్లు పుచ్చుకుని వెళ్ళిపోయాక దాన్ని కన్నెత్తి చూసే దిక్కు లేకపోయింది. తొంభై తొమ్మిదో సంవత్సరం వచ్చేసరికి నీళ్ళు బచ్చలి రసంలా తయారయ్యాయి. చేపల్లో మిగిలినవి నాలుగు. తక్కినవన్నీ నత్తలు. గాజు మీద, ఆకుల మీద, మోటారు గొట్టం మీద, వేలు మోపే సందు లేకుండా నత్తలు.

సోమవారానికల్లా తొట్టి ఖాళీ చేసి పారెయ్యాలని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కాగితం తెచ్చిన గుమాస్తాతో బ్రోన్యా, "ఉండనీ, నేను చూసుకుంటా" అంది.

"నీకెందుకమ్మా ఈ కంపు?"

"తీసి పారేద్దాం అన్న మాట ఈ ఏడాది చాలాసార్లు విన్నా. ఇంక వినదల్చుకోలేదు."

ఆ ఏడే ఆమె మొగుడు పక్కనున్న ఓస్ట్రావా పట్నంలో మరో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి గనిలో అందరికీ తెలుసు. గుమాస్తా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గని లోపల బొగ్గు తవ్వే జట్టుకి పెద్ద విక్తోర్ స్లీవా. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఒక ఆదివారం అతను ఓస్ట్రావా చేపల సంతకు వెళ్ళి, మర్నాడు పొద్దున షిఫ్టుకి వస్తూ సూపు ఫ్లాస్కు తెచ్చి కిటికీలో పెట్టాడు.

"సూపు నాకెందుకు?" అంది బ్రోన్యా.

"మూత తీసి చూడు. తాగకు."

లోపల అయిదు చేపలు. ఒక్కోటీ చూపుడువేలంత. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద నిలువునా మూడు నల్ల పట్టీలు, కిందికి వంగిన మూతి, మూతి చుట్టూ చిన్న చిన్న మీసాలు.

"లోచ్‌లట. అడుగున తిరిగే రకం. నత్తల్ని గుల్లలోంచి పీల్చుకు తింటాయని సంతలోవాడు ఒట్టేసి చెప్పాడు" అన్నాడు విక్తోర్.

"చేపలకి మీసాలేంటి?"

"చీకట్లో తడుముకోడానికి. మాకు నువ్వు దీపాలిస్తావు, వాటికెవరిస్తారు?"

నెల తిరగకుండా నత్తలు సగానికి సగం తగ్గాయి. నెల తిరగకుండానే అయిదు చేపల్లో మూడు చచ్చాయి. మిగిలిన రెండూ మోటారు వెనక సందులో దూరి బయటికి రావడం మానేశాయి. బ్రోన్యా చచ్చినవాటిని అరచేతిలో వేసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. మీసాలు లేవు. అరిగిపోయిన బ్రష్షులా మొదళ్ళు మాత్రం ఉన్నాయి.

తరవాతి ఆదివారం ఆమె బస్సెక్కి ఓస్ట్రావాలో చేపలు పెంచేవాళ్ళ సంఘం సమావేశానికి వెళ్ళింది. అంతా మగవాళ్ళు. బీరు గ్లాసులు ముందు పెట్టుకుని లాటిన్ పేర్లు మాట్లాడుకుంటున్నారు. ల్యాంపు రూమామె చేపల గురించి అడగొచ్చిందని ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. మూల కూర్చున్న ఒక ముసలాయన మాత్రం ఆమె చెప్పింది పూర్తిగా విని, "తొట్టి అడుగున ఏం పోశారు?" అని అడిగాడు.

"నల్లరాతి ముక్కలు. మా బాయి పక్కన గుట్టలు గుట్టలుగా ఉంటాయి."

"అదీ సంగతి. అవి పొద్దస్తమానం మూతితో నేల తవ్వుతూనే ఉంటాయి తల్లీ. మీరు వాటికి గాజుపెంకులు పరిచారు. మెత్తటి ఇసుక కావాలి. దూరి పడుకోడానికి చెట్ల వేళ్ళు, గొట్టాలు కావాలి. పైగా అయిదంటే చాలవు. గుంపు లేకపోతే బెంగతోనే పోతాయి." ఆయన గ్లాసు పక్కకు జరిపి, "నా మాట వినండి, ఇవి మీకొద్దు. జానెడు దాటి పెరుగుతాయి. మెత్తటి ఆకులకు కన్నాలు పెడతాయి. పైగా పాతికేళ్ళు బతుకుతాయి. హాయిగా చిన్న గప్పీ చేపలు పెంచుకోండి" అన్నాడు.

"పాతికేళ్ళా?"

"బాగా చూసుకుంటే."

"అయితే ఇవే కావాలి" అంది బ్రోన్యా. "అన్నాళ్ళు ఉంటామన్నవాళ్ళు నాకింతవరకూ దొరకలేదు."

ఇందాక నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు.

ఓల్జా నది ఒడ్డు నుంచి ఆమె మూడు బస్తాల ఇసుక తెచ్చింది. పనివాళ్ళు బొగ్గు మసి కడుక్కునే స్నానాల గదిలో, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య, జల్లెడలో పోసి వారం రోజులు కడిగింది. జల్లెడ కింద నీళ్ళు తేటగా వచ్చేదాకా వదల్లేదు. వెడల్పాటి మెత్తని ఆకుల మొక్కలు పెడితే రెండు రోజుల్లో టిక్కెట్టుకి కండక్టరు పెట్టినట్టు గుండ్రటి కన్నాలు పెట్టేశాయి. వాటిని పీకేసి, దళసరి చేదాకుల మొక్కల్ని చెట్టువేళ్ళకు దారంతో కట్టి నిలబెట్టింది. వెనకవైపు రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే గడ్డి నాటింది. పైనీళ్ళలో తిరగడానికి చిన్న చేపల మంద ఒకటి వేసింది. అప్పుడు వెళ్ళి ఇంకో ఏడు లోచ్‌లు తెచ్చింది. మొత్తం తొమ్మిదయ్యాయి. అవి గుంపుగా ఇసుక మీదికి వచ్చి మూతులతో తవ్వుకుంటూ పోతుంటే, దీపం తీసుకోవాల్సినవాళ్ళు కిటికీవైపు రాకుండా తొట్టి ముందే నిలబడిపోయేవాళ్ళు.

అయితే ఆమె ఒక తప్పు చేసింది. కొత్తవాటిని కొన్నాళ్ళు విడిగా ఉంచకుండా తిన్నగా పాతవాటిలో కలిపేసింది. జనవరిలో, బయట సున్నాకి పదిహేను డిగ్రీలు కిందున్న గడ్డచలిలో, తొమ్మిది చేపల ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. ఒళ్ళు రాళ్ళకేసి రుద్దుకుంటున్నాయి. దుకాణంలో మందు కొంది కానీ, సీసా మీది మోతాదు నమ్మకుండా ఓస్ట్రావా ముసలాయనకు ఫోను చేసింది.

"సగమే వెయ్యండి. వాటి పొలుసు ఉందా లేదా అన్నంత పల్చన. పూర్తి మోతాదు వేస్తే రోగం కంటే ముందు మందే చంపుతుంది" అన్నాడాయన. "ఉప్పు జోలికి పోకండి. ముఖ్యమైంది వేడి. నీళ్ళు ముప్ఫై డిగ్రీలు, పది రోజులు. మధ్యలో ఒక్కరోజు చల్లబడినా మళ్ళీ మొదటికొస్తుంది."

ఉన్న హీటరుకి ఇంకొకటి జత చేసినా ఇరవై ఆరు దాటలేదు. కారణం హాలు తలుపు. షిఫ్టు మారిన ప్రతిసారీ మూడువందల మంది ఆ తలుపులోంచే వచ్చేవాళ్ళు, వాళ్ళ వెనకే మంచుగాలి. బ్రోన్యా తొట్టి చుట్టూ దుప్పట్లు కట్టింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి కొట్టింది: ఈ దారి పది రోజులు బంద్. వెనకదారిన రండి.

వెనకదారి అంటే బొగ్గు యార్డు చుట్టూ తిరిగి, మోకాటిలోతు మంచులో నడిచి, స్నానాల గదుల మీదుగా రావడం. మొదటి పొద్దున తలుపు ముందు పెద్ద గోల లేచింది.

"చేపలకి జలుబు చేస్తే మేం మంచులో నడవాలా?" అని ఒకడు కేకేశాడు.

విక్తోర్ వాడి భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్, ఎనిమిదొందల మీటర్ల కింద నీ దగ్గరుండే వెలుగు ఆవిడ చేత్తో ఇచ్చిందే. ఆవిడతో పేచీ పెట్టుకుని దిగుతావా? పద, నీకూ కొంచెం నడక మంచిదే, పొట్ట చూసుకో."

నడిచారు. గొణుక్కుంటూ, తిట్టుకుంటూ, పది రోజులూ నడిచారు. డిప్యూటీ మేనేజరు వచ్చి తలుపు చూసి, "ఎవరిదీ ఆర్డరు?" అని అడిగితే, వరసలో ఉన్నవాళ్ళు ముక్తకంఠంతో "ల్యాంపు రూముది" అన్నారట. నీళ్ళు ముప్ఫైకి చేరాయి. ఏడో రోజున చుక్కలు రాలడం మొదలైంది. ఒక చేప పోయింది. ఎనిమిది మిగిలాయి. అట్టముక్క పీకేసిన రోజున బ్రోన్యా గసగసాల బన్నులు రెండు పళ్ళేల నిండా కాల్చుకొచ్చి కిటికీలో పెట్టింది. పది రోజుల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆ తరవాత ఆమె జీవితానికి మంగళవారం అనే రోజు ఒకటి ఏర్పడింది. మంగళవారం నాలుగోవంతు నీళ్ళు తీసి, ముందురోజే పట్టి గోరువెచ్చగా ఉంచిన కొత్త నీళ్ళు పొయ్యాలి. తొట్టిలో నత్తలు అయిపోయాయి గనుక ల్యాంపు రూము కిటికీ గూట్లో దోసకాయ ఊరగాయ జాడీలు పెట్టి వాటిలో నత్తల్ని పెంచింది. చేపలు తినడానికి నత్తలు పెంచడమేమిటని అడిగినవాళ్ళకు, "కోళ్ళకి గింజలు పండించడంలా?" అని బదులిచ్చేది. దోసకాయ చక్రాలు, ఉడికించిన బఠాణీలు, శుక్రవారాలు ఎర్రపురుగులు.

చేపలు పెరిగాయి. కానీ ఎంత నెమ్మదిగా. మొదటి రెండేళ్ళలో చూపుడువేలు కాస్తా అరచెయ్యి అయింది. ఆ పైన ఏడాదికి ఒక గోరు మందం. దీపాల రిజిస్టరు వెనక అట్ట మీద ఆమె పెన్సిలుతో గీతలు గీసుకునేది. అవి గాజు పక్కన వచ్చి నిలిచినప్పుడు స్కేలు పెట్టి చూడాలి. అవి నిలవవు. ఒక్కో గీత కోసం వారాలకు వారాలు కాసుకుని కూర్చునేది. అన్నిటికన్నా పెద్దదాన్ని పనివాళ్ళు మేస్త్రి అని పిలిచేవాళ్ళు. అది ముందు తింటేనే తక్కినవి తింటాయి, అది పక్కకు ఒరిగి పడుకుంటే తక్కినవీ ఒరుగుతాయి. లోచ్‌లు చచ్చినట్టు పక్కకి పడి నిద్రపోతాయి. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ మొదటి వారంలో ఒకసారి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి "అత్తా, చేప చచ్చింది" అనేవాడు. బ్రోన్యా తలెత్తకుండానే "నువ్వు షిఫ్టయ్యాక ఎలా పడుకుంటావు?" అని అడిగేది.

రెండువేల ఆరు నవంబరులో ఒక మధ్యాహ్నం రెండు బిళ్ళలు కొక్కేలకు మిగిలిపోయాయి. లోపల కప్పు కూలింది. ఆ ఇద్దరిలో లేషెక్ అనేవాడు రోజూ తన డబ్బాలోంచి దోసకాయ ముక్క ఒకటి మిగిల్చి చేపలకు వేసి దిగేవాడు. రెండు రోజుల తరవాత వాళ్ళ శవాలను పైకి తెచ్చారు. బ్రోన్యా ఆ రెండు బిళ్ళలూ తుడిచి, కాగితంలో చుట్టి, వాళ్ళ ఇళ్ళకు స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. తిరిగొచ్చేసరికి మంగళవారం. ఎవరో "ఇవాళ వదిలెయ్యి బ్రోన్యా" అన్నారు. ఆమె చేతులు పైకి మడిచి గొట్టం నీళ్ళలో ముంచింది. ఆ రోజు నీళ్ళు మార్చడానికి మామూలు కంటే రెండింతల సేపు పట్టింది.

ఆ తరవాత రెండేళ్ళకు తొట్టి ఒరగడం మొదలెట్టింది. కింద బొగ్గు తవ్విన కొద్దీ పైనున్న ఊరు కుంగుతుంది. కార్వినాలో తలుపులు వాటంతటవే తెరుచుకోవడం, బల్ల మీద ఉల్లిగడ్డ దొర్లుకుంటూ పోవడం ఎవరికీ వింత కాదు. ఆమె మాత్రం తొట్టిలో నీటిమట్టానికీ గాజు అంచుకీ మధ్య సందును చూస్తోంది. ఎడమవైపు ఒక వేలు, కుడివైపు రెండు వేళ్ళు. నెల తరవాత కుడివైపు మూడు.

గని సర్వేయరు ఎర్విన్ పాజ్‌దెరా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ లెక్క తప్పిపోతుందేమో అన్నట్టు నెమ్మదిగా మాట్లాడతాడు. భవనం ఒరుగుదల కొలవడానికి పరికరాలతో వచ్చినవాడు, తొట్టి పక్కన అతికించిన కాగితం చూసి ఆగిపోయాడు. నెలనెలా తేదీ, దాని పక్కన మిల్లీమీటర్లు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే."

అతను తన పుస్తకం తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు. "నాదీ ఇదే లెక్క" అన్నాడు కాస్త చిన్నబోయి. "నా పరికరం జర్మనీ నుంచి వచ్చింది."

"నాది ఆరువందల లీటర్ల నీళ్ళు. అబద్ధం చెప్పవు."

"ఒకటి చెప్పనా? ఇది ఇలాగే ఒరిగితే ఏదో ఒకరోజు ఎడమ గాజు పగులుతుంది. తీసెయ్యండి."

"తీసెయ్యడం తప్ప ఇంకేదైనా చెప్పు, వింటాను."

పాజ్‌దెరా గడ్డం గోక్కున్నాడు. మర్నాడు జాకీలు రెండు, గనిలో కప్పుకి ఆనించే ఓక్ దుంగల నుంచి కోసిన చెక్కలు ఓ బస్తా పట్టుకొచ్చాడు. సగం నీళ్ళు తీసి, ఎడమవైపు కాళ్ళ కింద వెంట్రుకవాసి ఎత్తి, ఒక పల్చటి చెక్క దూర్చి, మళ్ళీ నీళ్ళు నింపి, వారం ఆగి, మళ్ళీ. ఒక్కసారిగా ఎత్తితే అతుకులు ఊడతాయి. తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాల్లో వాళ్ళిద్దరూ చేపల గురించి తప్ప మరేం మాట్లాడుకోలేదు. పదో వారం అతను పనేమీ లేకుండానే వచ్చి, తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి ప్రతి గురువారం వచ్చి కూర్చునేవాడు.

రెండువేల పదహారులో గని మూసేస్తున్నట్టు చెప్పారు. వచ్చే మార్చి మొదటి తేదీన ఆవిరి ఆపేస్తారు, అంటే హాల్లో వేడి ఉండదు. సామాను జాబితా రాయడానికి వచ్చిన యువకుడు తొట్టి ముందు నిలబడి, "దీన్ని ఏ పద్దులో వెయ్యాలండీ?" అని అడిగాడు.

"ఏ పద్దులోనూ వద్దు. ఇది వెళ్ళిపోతోంది."

"ఎక్కడికి?"

"అది కనుక్కుంటున్నా" అంది బ్రోన్యా.

కనుక్కోవడం మొదలెట్టింది. బడిలో అడిగితే సెలవుల్లో చూసేవాళ్ళుండరన్నారు. వృద్ధాశ్రమంలో తడి నేల మీద జారిపడతారన్నారు. ఓ చేపల వ్యాపారి మాత్రం ఉత్సాహంగా వచ్చాడు. అప్పటికి అవి జానెడు దాటి, ఇరవై నాలుగు సెంటీమీటర్లకు వచ్చాయి. అంత పెద్దవి సంతలో కనబడవు. రెండేసి చొప్పున నాలుగు ఇళ్ళకు ఇప్పిస్తానన్నాడు.

"విడదీస్తావా?"

"ఎనిమిదింటినీ ఒక్కచోట పెట్టుకునేవాడు ఎవడుంటాడు అమ్మా?"

"నేనున్నా కదా" అంది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఉండేది పక్క ఊరు ఓర్లోవాలో, ఎనిమిదంతస్తుల కాంక్రీటు భవనంలో, ఏడో అంతస్తున. నీళ్ళు, ఇసుక, రాళ్ళు అన్నీ కలిపి ఎనిమిదొందల కిలోలు. పాజ్‌దెరా ఆమె గది నేల కొలిచి, కాగితం మీద లెక్కలు వేసి, ఆ కాగితం ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ నేల అంత బరువు మొయ్యదని అతని మొహం చూస్తేనే ఆమెకు అర్థమైంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి కిందికి వచ్చింది. అప్పుడే కింది అంతస్తులో ఒక తలుపు కనబడింది. రోజూ కనబడేదే. పాత బట్టలుతుకు గది. ఇళ్ళలో వాషింగు మెషీన్లు వచ్చాక దానిలో ఎవరూ ఉతకడం లేదు. కింద నేల తిన్నగా మట్టి మీద పోసిన కాంక్రీటు. రెండు కుళాయిలు. నీళ్ళు పోవడానికి నేలలో తూము. పక్కనే వేడినీళ్ళ గొట్టాలు.

పాజ్‌దెరా మోకాళ్ళ మీద కూర్చుని నేలకు చెవి ఆనించి వేళ్ళతో కొట్టి చూశాడు. "ఇక్కడ ఏనుగునైనా పెట్టుకోవచ్చు" అన్నాడు.

గదిలో ఏనుగు లేదు కానీ యార్మిలా గారి ఊరగాయ జాడీలున్నాయి. యార్మిలా మూడో అంతస్తులో ఉంటుంది, భవనం కమిటీకి పెద్ద. నూలుమిల్లులో సూపర్‌వైజరుగా చేసి దిగిపోయింది. నూట నలభై జాడీలు, మూడు సైకిళ్ళు, మంచు మీద జారే బండి ఒకటి ఆ గదిలో ఆమెవే.

"చేపలా? ఇక్కడా?" అంది యార్మిలా. "కంపు, తేమ, బొద్దింకలు. నా ప్రాణం ఉండగా కుదరదు."

"కమిటీలో పెట్టండి. ఓట్లు వేయిద్దాం."

"ముప్ఫై రెండు ఇళ్ళు. మీకు మూడు రావు."

"మూడు వస్తే మూడే" అంది బ్రోన్యా.

డిసెంబరు మొదటి తేదీ నుంచి ఆమె రోజుకో రెండిళ్ళు చొప్పున తలుపు గంటలు కొట్టింది. అందరికీ ఒకే సమాధానం చెప్పలేదు. తేమ అన్నవాళ్ళకు తొట్టి మీది గాజు మూత గురించి చెప్పింది. కరెంటు అన్నవాళ్ళకు తన మీటరు నుంచి తీగ లాక్కుంటానంది. పగిలితే ఎలా అన్నవాళ్ళను కిందికి తీసుకెళ్ళి తూములో రెండు బకెట్లు పోసి చూపించింది. అయిదో అంతస్తులో ఒకాయన తలుపు సగమే తెరిచి, "నేను మీ బాయిలోనే పనిచేశా. రెండువేల సంవత్సరం జనవరిలో మంచులో నడిపించారు మీరు" అన్నాడు. ఈ ఓటు పోయిందనుకుంది. ఆయన తలుపు పూర్తిగా తెరిచి, "ఆ చేపలు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

జాడీలు మాత్రం ఓటింగుకి ముందే తేల్చేసింది. యార్మిలాను అడిగి, ఆమె సొంత కొట్టు గదిలో అరలు కొట్టించి, నూట నలభై జాడీలనూ రెండు చేతులా మోసి, పేర్లు బయటికి కనబడేలా వరసగా పేర్చింది. యార్మిలా నడుము మీద చేతులు పెట్టుకుని ఆఖరి జాడీ దాకా నిలబడి చూసింది. "అయినా నా ఓటు మీకు పడదు" అంది.

"తెలుసు. రేగుపండ్ల జాడీ ఒకటి కారుతోంది, చూసుకోండి."

ఓటింగు రోజున సరేనంటూ పంతొమ్మిది చేతులు లేచాయి. యార్మిలా చెయ్యి ఆ తరవాత, వద్దనేవాళ్ళెవరని అడిగినప్పుడు లేచింది.

ఇక తరలించడం. లోచ్‌కి కంటి కింద దాచిన ముల్లు ఒకటి ఉంటుంది. భయపడితే అది కత్తి తెరిచినట్టు బయటికొస్తుంది. వల వేస్తే వలకి చిక్కుకుంటుంది, కవరులో వేస్తే కవరు చిరిగిపోతుంది. అందుకని నెల ముందే బ్రోన్యా వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు కోసి ఇసుకలో పడుకోబెట్టింది. మొదటి వారం వాటిని అనుమానంగా చూశాయి. రెండో వారం నుంచి పగలంతా వాటిలోనే, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని పడుకోవడం అలవాటు చేసుకున్నాయి.

ఫిబ్రవరి ఆఖరి శనివారం పొద్దున పద్నాలుగు మంది వచ్చారు. అందరూ గని వదిలేసినవాళ్ళే. విక్తోర్ ఊపిరితిత్తులు అప్పటికే బాగా పాడయ్యాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కుర్చీలో కూర్చుని చేతికర్రతో ఆజ్ఞలిచ్చాడు. మొక్కలు తడిగుడ్డల్లో, ఫిల్టరు స్పాంజీలు తొట్టి నీళ్ళలోనే బకెట్లో. ఆ స్పాంజీ ఆరిపోతే నీళ్ళను శుభ్రం చేసే ప్రాణమంతా చచ్చిపోతుందని బ్రోన్యా అప్పటికి పదిసార్లు చెప్పింది. ఆమె భుజాల దాకా నీళ్ళలో చేతులు పెట్టి, ఒక్కో గొట్టానికీ రెండు కొసలా అరచేతులు మూసి, అలాగే ఎత్తి, మూతల పీపాల్లోకి దింపింది. మూడు గొట్టాల్లో ఏడు చేపలు వచ్చాయి. మేస్త్రి రాలేదు. వేళ్ళ కిందికి దూరి ముల్లు తెరిచి కూర్చుంది.

"వల ఇవ్వనా?" అన్నాడు పాజ్‌దెరా.

"వద్దు. ఎవరూ మాట్లాడకండి."

ఆమె రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, కదలకుండా ఉంచింది. అయిదు నిమిషాలు, పది. పద్నాలుగు మంది మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. విక్తోర్ దగ్గు వస్తుంటే టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి అది దానంతటదే వేళ్ళ కిందినుంచి జారి, ఆమె అరచేతుల మధ్య ఆనుకుంది. ముల్లు ఆమె బొటనవేలిలో దిగింది. నీళ్ళలో రక్తం పొగలా లేచింది. ఆమె చెయ్యి తియ్యలేదు. అలాగే పీపా దాకా నడిచి దాన్ని అందులోకి వదిలింది.

కొత్తచోట అవి పదకొండు రోజులు తినలేదు. కొన్ని మొక్కల ఆకులు కుళ్ళి జావ అయిపోయాయి. ఆమె కుళ్ళినవి కత్తిరించి, రోజూ నీళ్ళు పరీక్ష చేసి, తొట్టి పైనున్న దీపానికి గుడ్డ కప్పి, మడతకుర్చీలో అల్లిక పని చేసుకుంటూ కూర్చుంది. పాజ్‌దెరా గురువారం వచ్చి, "తింటాయంటావా?" అని అడిగితే, "తినేదాకా ఉంటా. నాకిప్పుడు వేరే ఉద్యోగం లేదుగా" అంది. పన్నెండో పొద్దున తలుపు తీస్తుంటే లోపలినుంచి టక్కుటక్కుమని చప్పుడు వినిపించింది. లోచ్‌లు ఇష్టమైన తిండి దొరికితే చేసే చప్పుడది. ముందురోజు వదిలిన నత్తల గుల్లలు ఇసుక మీద ఖాళీగా పడి ఉన్నాయి.

ఏప్రిల్లో యార్మిలా కిందికొచ్చి ఉత్తరపు గోడ మీద వేలు రాసి చూపించింది. "తేమ. చెప్పానా లేదా?"

బ్రోన్యా చూసింది. నిజమే. "చెప్పారు. ఏం చెయ్యమంటారు?"

యార్మిలా ఎదురు వాదన వస్తుందనుకుంది. అది రాకపోయేసరికి ముప్ఫై ఏళ్ళు నూలు ఆరబెట్టిన మనిషి మాట్లాడింది: పై కిటికీ ఇంతే తెరవాలి, కింది తలుపుకి ఇక్కడ కన్నం పెట్టాలి, గాలి ఇటునుంచి అటు పోవాలి. పెట్టించారు. గోడ ఆరింది. గోడ ఆరిందో లేదో చూడ్డానికి యార్మిలా రోజూ రావాల్సి వచ్చింది. ఆరిందని తేలాక కూడా వచ్చింది.

వాళ్ళిద్దరికీ పడిందని చెప్పలేం. నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలా ఇరవై ఎనిమిదా అన్న దాని మీద ఒక వేసవి అంతా మాటల్లేవు. కానీ రెండువేల పంతొమ్మిదిలో బ్రోన్యాకి మోకాలు ఆపరేషను అయ్యి ఆరు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సొచ్చినప్పుడు, నాలుగు పేజీల కాగితం రాసి ఆమె చేతికే ఇచ్చింది. యార్మిలా చదివి, "మాటలెక్కువ, పని తక్కువ ఉంది ఇందులో. వెళ్ళి కాలు బాగుచేయించుకోండి" అంది.

కర్ర పట్టుకుని తిరిగొచ్చిన రోజున బ్రోన్యా పైకి వెళ్ళకుండా తిన్నగా ఆ గదిలోకే వెళ్ళింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. మొక్కలు పచ్చగా ఉన్నాయి. కానీ మధ్యలో ఉండాల్సిన పెద్ద చెట్టువేరు ఎడమ మూలకు జరిగి ఉంది.

"ఇదెవరు కదిపారు?"

"నేనే. అక్కడ వెలుతురు ఎక్కువ. వాటికి నచ్చలేదు."

"నాలుగు పేజీల్లో వేరు కదపమని ఎక్కడుంది?"

"కదపొద్దని కూడా లేదు."

బ్రోన్యా నోరు తెరిచింది. అప్పుడే కింద, మూలనున్న వేరు నీడలో, నారింజ రంగు ఒకటి కదిలింది. ఆమె కర్ర గోడకానించి, బాగున్న కాలి మీద బరువేసి వంగి లెక్కపెట్టింది. ఎనిమిదీ అక్కడే ఉన్నాయి, పక్కపక్కన, ఒకదాని తోక మీద ఇంకొకటి ఒరిగి. ఇన్నేళ్ళలో ఎనిమిదింటినీ పగటిపూట ఒక్కచోట బయట ఆమె చూసింది తక్కువ.

వేరును అక్కడే వదిలేసింది.

"ఇంకెన్నేళ్ళు బతుకుతాయి ఇవి?" అని అడిగింది యార్మిలా.

"ఓ అయిదారేళ్ళు."

"అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది."

"అందుకే ఇవాళ్టి నుంచి మంగళవారం మనిద్దరిదీ. చేపల్ని చూడ్డానికి వచ్చే రెండో అంతస్తు పిల్లకి కూడా నేర్పిద్దాం, అది శ్రద్ధగా చూస్తోంది" అంది బ్రోన్యా చేతులు పైకి మడుచుకుంటూ. "ముందు ఆ గొట్టం అటు కొస పట్టుకోండి. నేను వంగలేను."